ఎనకాల నానుంటాను కదేటి

ఒరే మావా,

ఫోన్లో నీకేదైనా చెబుదామంటే సగంలో ఎవరో ఒకరు నిన్ను పిలుస్తారు. "మళ్ళీ చేస్తానురా" అంటావు, మళ్ళీ చెయ్యవు. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువు.

సంక్రాంతి హడావుడి తగ్గాక మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి బళ్ళమీద బారువ సముద్రం ఒడ్డుకి వెళ్ళొచ్చాం. పొద్దున హైవే మీద వెళ్ళాం, తిరుగు దారి ఉద్దానం ఊళ్ళ మీదుగా. రానూపోనూ 200 కిలోమీటర్ల పైమాటే. మీ హైదరాబాద్‌లో లదాఖ్ దాకా వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఏమీ ఎరగనట్టు ఆఫీసులో కూర్చుంటారని నాకు తెలుసు. కానీ నలభై దాటాక గేర్ల బండి నేర్చుకుని, రైతు బజారుకీ బడికీ మధ్యే తిరుగుతున్న నాలాంటివాడికి 200 అంటే మాటలు కాదు. ముందు రోజు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మా గుంపులో పది పన్నెండు బళ్ళున్నాయి. లీడర్‌ది మెడికల్ షాపు. బ్యాంకులో పనిచేసే ఆయనొకరు, ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, ఒక టీచరమ్మ (ఆవిడ బండి ఆవిడదే, వెనక కూర్చునే రకం కాదు), ఇంకా కొందరు. అందరికంటే చివర రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన. ఆయన్ని 'స్వీప్' అంటారు. ఆయన్ని దాటి వెనక ఎవరూ ఉండకూడదు, ఆయన ఎవరినీ దాటకూడదు. ఆయన పని అదీ.

ముందు రోజు లీడర్ ఫోన్ చేసి, టైర్లలో గాలి చూసుకున్నావా, చెయిన్‌కి ఆయిల్ పెట్టావా, బ్రేక్ లైటు వెలుగుతోందా, షూ వేసుకుంటావా చెప్పులా అని అడిగాడు. ఫొటోల గురించి గానీ, బారువలో ఏం తిందామని గానీ ఒక్క మాట లేదు. ఆ ఫోన్‌తోనే నాకు సగం టెన్షన్ పోయింది. సరైనవాళ్ళ చేతిలోనే పడ్డామనిపించింది.

కొత్తవాణ్ణి కదా, అందరికంటే వెనక్కి నెడతారనుకున్నాను. వెనకైతే మన తిప్పలు మనం పడొచ్చు, ఎవరూ చూడరు. తీరా చూస్తే నన్ను లీడర్ వెనకే, రెండో బండిగా పెట్టారు. ఎందుకంటే, చిన్నప్పుడు చొక్కాలు పట్టుకుని రైలుబండి ఆట ఆడేవాళ్ళం గుర్తుందా? ముందువాడు మామూలుగానే పరిగెత్తేవాడు, చివరివాడు మాత్రం మలుపు తిరిగినప్పుడల్లా ఎగిరిపడేవాడు. బళ్ళ గుంపూ అంతే. ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ దగ్గర లీడర్ నెమ్మదించి మళ్ళీ 70 అందుకునేసరికి, చివరివాడు ఇంకా ఆ స్పీడ్ బ్రేకర్ ఎక్కుతూనే ఉంటాడు. ఆ ఖాళీ పూడ్చాలంటే వాడు 90 కొట్టాలి. అదే ప్రతి ఊళ్ళోనూ. కొత్తవాణ్ణి వెనక పెడితే రోజంతా వాడికి ఆ పరుగు తప్పదు. అందుకే చేతకానివాడు ముందు, ఆరితేరినవాడు వెనక. నేనెన్నడూ ఇలా ఆలోచించలేదురా.

ఇంకోటి. ఒకరి వెనక ఒకరు వరసగా వెళ్ళరు. లీడర్ తన లేన్‌లో కుడివైపు ఉంటే నేను ఎడమవైపు, నా వెనకవాడు మళ్ళీ కుడివైపు. ముందు బండికీ మనకీ మధ్య రెండు సెకన్ల దూరం ఉండాలి. ముందు బండి ఏదైనా కరెంటు స్తంభం దాటగానే "వెయ్యి ఒకటి, వెయ్యి రెండు" అని లెక్కపెట్టుకోవాలి. అది పూర్తయ్యేలోగా నువ్వు ఆ స్తంభం దాటకూడదు. 80లో వెళ్తే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది మరి. మొదటి గంటంతా హెల్మెట్‌లో నేను చేసిన జపం ఈ లెక్కే.

తెల్లారకుండానే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కలుసుకుని బయల్దేరాం. మంచు బాగా ఉంది. హెల్మెట్ అద్దం నిమిషానికోసారి మసకబారుతోంది, తుడుచుకుంటూ వెళ్ళాను. వెనకవాళ్ళు వస్తున్నారో లేదోనని తల తిప్పి తిప్పి చూస్తున్నానట. టీకి ఆగినప్పుడు ఆర్టీసీ ఆయన నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "తల తిప్పకు బాబూ. అద్దంలో ఓ సూపు సూస్తే సాలు. ముందల సూసుకో. ఎనకాల నానుంటాను కదేటి," అన్నాడు. అప్పటికి నాకు ఆయన పేరు కూడా తెలీదు.

మడపాం టోల్ గేటు దగ్గర మనది రాజభోగం, బైకులకి డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే లారీలు ఆగి ఆగి కదిలే చోట కాంక్రీటు మీద ఆయిల్ మరకలుంటాయి, మంచుకి తడిసి జారతాయి. లీడర్ ఎడమ కాలు చాపి కిందకి చూపించాడు. నేనూ అలాగే చూపించాను. నా వెనకవాడూ అంతే. ఆ సంజ్ఞ అలా చివరిదాకా వెళ్ళిపోతుంది. నోటి మాట లేకుండా అన్ని బళ్ళూ ఒకే చోట పక్కకి తప్పుకుంటుంటే ముచ్చటేసింది.

అసలు పరీక్ష వంశధార దాటాక ఎదురైంది. ముందు పెద్ద కంటైనర్ లారీ. దాని పక్కకి రాగానే గాలి ఆగిపోతుంది, బండి దానివైపే లాగుతున్నట్టుంటుంది. మనం ధైర్యం తెచ్చుకుని క్యాబిన్ దాటే క్షణానికి ఎదురుగాలి ఒక్కసారిగా ఛాతీ మీద కొడుతుంది, బండి ఇవతలికి నెట్టేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. మోకాళ్ళతో ట్యాంకుని నొక్కిపట్టి చేతులు వదులుగా ఉంచాలి. చూపు లారీ చక్రం మీద పెడితే బండి చక్రం దగ్గరికే పోతుంది, అందుకని దూరంగా ఖాళీ రోడ్డు మీద పెట్టాలి. ముందు రోజు ఇదంతా వింటున్నప్పుడు కబుర్లనుకున్నాను. టెక్కలి చేరేసరికి ఒంటికి పట్టింది.

పలాసలో టిఫిన్. వేడివేడి ఇడ్లీలో బొంబాయి చట్నీ పోసుకుని తిన్నాను. హైదరాబాద్‌లో నీకు అది దొరకదుగా, అందుకే చెబుతున్నా. జీడిపప్పు కొందామంటే లీడర్ వద్దన్నాడు, తిరిగొచ్చేటప్పుడు బరువు లెక్క చూసుకుందామని. తిరుగు దారిలో పలాస రాదని మా ఎవరికీ అప్పుడు తట్టలేదు! మందస దగ్గర మంచు విడిపోయి ఎడమవైపు మహేంద్రగిరి కనిపించింది. 1501 మీటర్ల కొండ, అవతల ఒడిశాలో ఉంది. అంత పొద్దున్నే దాన్ని ఎప్పుడూ చూళ్ళేదు.

బారువ గురించి ఎక్కువ రాయను, నీకు తెలిసిందే. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. వందేళ్ళ కిందటెప్పుడో అక్కడ మునిగిన చిల్కా ఓడ గురించి టీచరమ్మ కుర్రాళ్ళకి చెబుతుంటే నేను నడుం వాల్చి కునుకు తీశాను. వంజరం చేప వేపుడు బాగుంది.

తిరుగు ప్రయాణమే నాకు ఎక్కువ నచ్చింది. ఉద్దానం రోడ్లు ఇరుకు, రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పడగొట్టిన తోటల్లో మళ్ళీ వేసిన కొబ్బరి చెట్లు చాలాచోట్ల ఎదిగొచ్చాయి. తలలేని పాత మానులు కూడా అక్కడక్కడా కనిపించాయి. హైవే మీద ఒకే రకం భయం, ఇక్కడ వంద రకాలు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. మేకలు, కొబ్బరికాయల ట్రాక్టర్లు, మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక. ఇసుక మీద ముందు బ్రేకు పట్టావా, ఇక అంతే. మలుపు రాకముందే గేరు తగ్గించుకుని నెమ్మదిగా పోవాలి. ముందేం వస్తుందో ఆర్టీసీ ఆయన బారువలోనే చెప్పి పంపాడు. ఫలానా కల్వర్టు దగ్గర రోడ్డు దిగిపోయి ఉంటుంది, ఫలానా బడి దగ్గర పిల్లలు చూడకుండా దాటతారు అని. ఏళ్ళ తరబడి ఆ దారిలో బస్సు నడిపిన మనిషి.

ఓ ఊరి చివర ఇంజినీరింగ్ కుర్రాడి బండి వెనక చక్రం అటూ ఇటూ ఊగడం ఆయనే ముందు గమనించి వాణ్ణి ఆపాడు. ఆ ఇద్దరి లైట్లూ అద్దంలోంచి మాయమయ్యేసరికి వాళ్ళ ముందున్నవాడు నెమ్మదించాడు, వాణ్ణి చూసి వాడి ముందువాడు, అలా నా దాకా, లీడర్ దాకా వచ్చి అందరం ఆగాం. ఒక్క ఫోనూ చెయ్యలేదెవరూ. పంక్చర్. ఊచల చక్రం, ట్యూబు టైరు, చక్రం విప్పాల్సిందే. అదృష్టం కొద్దీ దగ్గర్లోనే సైకిల్ షాపు. చక్రం ఆర్టీసీ ఆయనే విప్పాడు. షాపు తాత ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట వేలు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ప్యాచ్ వేశాడు. కుర్రాడు ఇక బిగించెయ్యబోతే ఆపి, పాత గుడ్డముక్క తీసుకుని టైరు లోపల చుట్టూ తుడిచాడు. ఒకచోట గుడ్డ తట్టుకుంది. తుమ్మముల్లు, మొదలు విరిగి బయటకి కనిపించకుండా లోపలికి దిగి ఉంది. శ్రావణంతో లాగి అరచేతిలో పెట్టి చూపించి, "ఇది ఉంచేత్తే పదిమైళ్ళు పోకుండానే మళ్ళీ ఆగిపోతారు," అన్నాడు. కుర్రాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు, ఎందుకో మరి.

ఈ గొడవలో బాగా ఆలస్యమైంది. తేలినీలాపురంలో చింతచెట్ల మీద పెలికాన్లని పావుగంటే చూడగలిగాం. నౌపడ ఉప్పు మడుల దగ్గర ఆగనేలేదు. చీకటి పడ్డాక గుంపుగా వెళ్ళడం లీడర్‌కి ఇష్టం లేదు. నాకూ అదే మంచిదనిపించింది. టెక్కలి నుంచి ఇంటిదాకా నడుం మాట అడక్కు. అరచేతులు మర్నాడు కూడా జివ్వుమంటూనే ఉన్నాయి.

ఇంతకీ అసలు విషయం. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టిన నీ బండి సంగతేంటి? ఫిబ్రవరి చివర కళింగపట్నం, శాలిహుండం వైపు అనుకుంటున్నాం, దీనికంటే చిన్న రైడే. రైల్లో పార్శిల్ వేసెయ్, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో నేను దింపించుకుంటాను. పెట్రోలు పూర్తిగా తీసేసి ఇవ్వాలి, ఆర్సీ కాపీ పెట్టడం మర్చిపోకు. టైర్లు ఎన్నాళ్ళ నాటివో ముందు చూసుకో, పగుళ్ళుంటే మార్చెయ్. నిన్ను రెండో బండిగా పెట్టమని లీడర్‌తో ఇప్పటికే చెప్పాను. నేను మూడోవాణ్ణి. చెల్లెమ్మ ఒప్పుకోకపోతే ఫోన్ ఆవిడకివ్వు, నేను మాట్లాడతాను. ఆవిడైనా మధ్యలో ఫోన్ పెట్టెయ్యకుండా వింటుంది.

నీ,
మావ