సింగరాయకొండ తమ్ముడికి, మా వీధి జిరాక్స్ అక్కకి, ట్రంకు రోడ్డు స్టూడియో అన్నకి కృతజ్ఞతలు

కావలిలో మాది చిన్న ఫోటో స్టూడియో అండీ. మా ఆయన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు షూట్ చేస్తాడు, నేను ఇంట్లో ముందు గదిలోనే కూర్చొని ఆల్బమ్ డిజైనింగు, వీడియో మిక్సింగు చేసుకుంటా, పన్నెండేళ్ల నుంచి ఇదే మాకు కూడు పెడతా ఉంది. పోయిన వారం మా ఎడిటింగ్ సిస్టమ్ మొరాయించి మూడు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆ మూడు రాత్రులూ మా కోసం నిలబడినోళ్లకి ఫోన్లో థాంక్స్ చెప్పేసి ఊరుకోవడానికి నాకు మనసు ఒప్పలా, అందుకే రాస్తా ఉండా. కొంచెం పెద్దదే అవుద్ది, అయినా చదవండి, ఇదే ఇబ్బంది రేపు మీ ఇంట్లో కూడా రావచ్చు.

కలిగిరి పక్కన ఒక ఊళ్లో పెళ్లి వీడియో అది. పెళ్లికూతురు ఆదివారం రాత్రి చెన్నైలో ఫ్లైట్ ఎక్కి అమెరికా పోవాల. వాళ్ల అవ్వ తుంటి ఎముక విరిగి మంచంలో ఉండి పెళ్లికి మండపానికి రాలేకపోయింది, పాపం ఆమె ఒక్కటే కోరుకుంది, పిల్ల ఊరు దాటేలోపల తన పక్కన కూర్చోబెట్టుకొని పెళ్లి మొత్తం టీవీలో చూడాలని. శనివారం సాయంత్రానికి ఇస్తామని మా ఆయన మాట ఇచ్చొచ్చాడు. మంగళవారం రాత్రి ఎడిటింగు అంతా అయిపోయింది, పొద్దున్నే లేచి రెండర్ (అంటే చివరి వీడియో ఫైల్ తయారీ) పెడదాంలే అని సిస్టమ్ ఆపకుండా అట్టనే వదిలేసి పడుకున్నా.

తెల్లారి చూస్తే సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అయి ఉంది. రాత్రి ఎప్పుడో అప్‌డేట్ వేసుకుంది. స్క్రీన్ మీద ఐకాన్లు ఇంతింత లావు, అక్షరాలు సాగిపోయి ఉన్నాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే జీలకర్ర బెల్లం పెట్టే షాట్ దగ్గర సగం బొమ్మ పచ్చగా, సగం నల్లగా గీతలు, ఒక్క నిమిషం తర్వాత మానిటర్ రెండు సార్లు మినుకుమినుకుమని మొత్తం నల్లగా అయిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే వస్తది, మళ్లీ పోద్ది. ఎట్టనో తంటాలుపడి రెండర్ పెడితే ఎప్పుడూ గంటన్నరలో అయ్యేది 19 గంటలు పడుద్ది అని చూపించింది, అదీ మధ్యలోనే ఆగిపోయింది.

ఒక షాపుకి సీపీయూ ఎత్తకపోతే ఆయన చూసి గ్రాఫిక్స్ కార్డు పోయిందమ్మా, కొత్తది వేయాల, 28 వేలు అవుద్ది అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను, చూసేదానికి ఎవరికైనా అట్టనే అనిపిస్తది. కానీ ఆ డబ్బు మా దగ్గర లేదు. ఇంటికి తెచ్చుకొని నాకు తెలిసిన కాడికి నేనే డివైస్ మేనేజర్‌లోకి పోయి చూసినా. కార్డు పేరు పక్కన పసుపు పచ్చ గుర్తు, లోపల కోడ్ 43, అంటే తప్పు కనపడి విండోస్ కార్డుని ఆపేసిందని ఉంది. పాత డ్రైవర్‌కి (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) వెనక్కి పోదామంటే రోల్ బ్యాక్ బటన్ మసగ్గా ఉంది, నొక్కుడు పడలా. డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా. బాగయింది అనుకొని అటు పోయి టీ పెట్టుకొని వచ్చేలోపల మళ్లీ మొదటికి వచ్చింది. అట్టా మూడు సార్లు చేసినా, మూడు సార్లూ అంతే. నాలుగోసారి ఇంక చేతులు ఆడక గమ్మున కూర్చొని ఏడ్చినా, నిజం చెప్తా ఉండా.

మా వీధి జిరాక్స్ అక్క ఆధార్ కాపీల కోసం పోయిన మా పాప మొహం చూసి ఏందమ్మా అని అడిగిందంట, పాప చెప్తే షాపు అట్టనే పక్కనాయన మీద వదిలేసి మా ఇంటికి వచ్చింది. వాళ్లబ్బాయి ఫ్రెండు ఒకతను బెంగుళూరులో నైట్ షిఫ్ట్ చేస్తాడు, సొంతూరు సింగరాయకొండ, ఇట్టాంటివి బాగా చూస్తాడని అప్పటికప్పుడు ఫోన్ కలిపి ఇచ్చింది. నేను ముక్కూ మొహం తెలియనిదాన్ని. ఆ అబ్బాయి మొదట అన్న మాట, అక్కా మీరు కంగారు పడొద్దు, మీ ప్రాజెక్ట్ ఫైల్ యాడికీ పోదు, ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి, తర్వాత మాట్లాడుకుందాం అని. సగం ప్రాణం ఆ మాటతోనే వచ్చింది నాకు. కార్డు నుంచి బొమ్మ నిలవడం లేదని చెప్తే కేబుల్ కార్డుకి కాకుండా కింద మదర్‌బోర్డు మీద ఉండే పోర్టుకి గుచ్చమన్నాడు, చాలా ప్రాసెసర్లలోనే చిన్న గ్రాఫిక్స్ ఉంటదంట, దాంతో బొమ్మ వస్తదన్నాడు. అది పాత మోడల్ పోర్టు, మా మానిటర్‌కి సరిపోలా. అప్పుడు జిరాక్స్ అక్క తన షాపులో బిల్లులకి వాడే పాత మానిటర్ పీక్కొచ్చి పెట్టింది, రెండు రోజులు ఆమె షాపులో బిల్లులు చేత్తోనే రాసింది.

కార్డు నిజంగా పోయిందా లేదా తేల్చడానికి ఆ తమ్ముడు చేయించింది చాలా చిన్న పని. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా పోయి 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి రమ్మన్నాడు, కేబుల్ మళ్లీ కార్డుకే గుచ్చమన్నాడు. అరగంట చూసినాం, గీత లేదు, మినుకు లేదు. సేఫ్ మోడ్‌లో కార్డు కంపెనీ డ్రైవర్ నడవదు, ఓఎస్‌తో, అంటే విండోస్‌తో, వచ్చే మామూలు డ్రైవరే నడుస్తది, అందులో బొమ్మ కదలకుండా నిలబడిందంటే కార్డు చాలావరకు బాగున్నట్టే, గొడవ డ్రైవర్‌ది అని చెప్పాడు. (సేఫ్ మోడ్‌కి పోయేటప్పుడు కొన్ని సిస్టముల్లో డ్రైవ్ లాక్ (బిట్‌లాకర్) రికవరీ కీ అడుగుద్దంట, అది ముందే రాసి పెట్టుకోండి, నాకు అడగలా.) 28 వేలు ఆ అరగంటలో మిగిలినాయి మాకు.

మరి నేను మూడు సార్లు తీసి వేసినా ఎందుకు కుదరలేదు? ఇది అందరూ తెలుసుకోవాల్సిన ముక్క. డ్రైవర్ తీసెయ్యగానే సిస్టమ్ నెట్‌లో ఉందంటే ఓఎస్ ఊరుకోదు, కార్డుకి డ్రైవర్ లేదే అని తన దగ్గరుండేది తెచ్చి తనే వేసేసుద్ది. నేను ఒకవైపు కార్డు కంపెనీ డ్రైవర్ వేస్తా ఉండా, అది ఇంకోవైపు ఇంకో వర్షన్ వేస్తా ఉంది, పాత ఫైళ్లు కొన్ని, కొత్తవి కొన్ని కలిసిపోయి ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగినట్టు అయింది. అందుకని అన్నిటికంటే ముందు నెట్ కేబుల్ పీకెయ్యాల, వైఫై ఆపెయ్యాల. నేను మూడు సార్లూ నెట్ ఉంచుకొనే చేసినా.

నెట్ తీసేముందు రెండు డౌన్‌లోడ్ చేయించాడు. ఒకటి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, డీడీయూ అంటారంట, పాత డ్రైవర్ ముక్క మిగలకుండా తుడిచేసేది, ఫ్రీనే. రెండోది కార్డు కంపెనీ సొంత సైట్‌లో నుంచి, సరికొత్తది కాకుండా మా దగ్గర ఇన్నాళ్లూ బాగా నడిచిన పాత వర్షన్. ఆ నంబర్ ఎట్టా తెలుస్తదా అని చూస్తే మా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే పాత ఫైల్ పేరులో ఉంది. తర్వాత నెట్ కేబుల్ పీకి, సేఫ్ మోడ్‌లో డీడీయూ తెరిచి, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అని ఎంచుకొని క్లీన్ అండ్ రీస్టార్ట్ కొట్టినా. మామూలుగా వచ్చినాక పాత డ్రైవర్ వేసి, కస్టమ్‌లో క్లీన్ ఇన్‌స్టాల్ టిక్ పెట్టి, మళ్లీ రీస్టార్ట్. రాత్రి 2 గంటల 40 నిమిషాలు అప్పుడు టైము. ఫోన్ నా భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని ఉండా, అవతల అతను తన డ్యూటీ చేసుకుంటానే లైన్‌లో ఉన్నాడు. జీలకర్ర బెల్లం షాట్ ప్లే చేసినా. పెళ్లికూతురి వేళ్ల సందులో నుంచి బెల్లం పాకం కారేది కూడా స్పష్టంగా కనపడింది. వచ్చింది తమ్ముడూ అంటే, అక్కా ఇప్పుడే నెట్ పెట్టొద్దు, ఇంకో పని ఉంది అన్నాడు.

ఆ పని ఏందంటే, మళ్లీ అది డ్రైవర్ తెచ్చి వేసుకోకుండా కట్టడి చెయ్యడం. డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ అని వెతికి నో పెట్టించాడు. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో అప్‌డేట్లతో పాటు డ్రైవర్లు వద్దని చెప్పే ఆప్షన్ ఉంటదంట, మాది హోమ్, అందులో ఆ పాలసీ ఎడిటర్ ఉండదు, కాబట్టి అప్‌డేట్లు పాజ్ చేయించాడు, గట్టిగా అయితే 35 రోజుల దాకా ఆపుకోవచ్చంట. మళ్లీ చెడితే ఈ స్థితికి వెనక్కి రావడానికి రీస్టోర్ పాయింట్ కూడా పెట్టించాడు.

నేను కోపంలో అసలు అప్‌డేట్లే జన్మలో వద్దు, శాశ్వతంగా ఆపెయ్యి అన్నా. ఒప్పుకోలా ఆ అబ్బాయి. 2017 మే నెలలో వాన్నాక్రై అని ఒక వైరస్ వచ్చి ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులు అడిగింది, మన ఆంధ్ర పోలీసు కంప్యూటర్లకి కూడా కొన్నిటికి తగిలింది, దానికి మందు మార్చిలోనే అప్‌డేట్‌లో వచ్చింది అక్కా, వేసుకోనోళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు అని చెప్పాడు. అట్టని అప్‌డేట్లు తప్పు చెయ్యవని కాదు, 2024 జూలై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు ఫైల్ వచ్చి ప్రపంచంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినాయి, హైదరాబాద్‌లో ప్యాసింజర్లకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, ఆ రోజు కూడా చాలామంది సేఫ్ మోడ్‌లోకి పోయి ఆ ఫైల్ తీసేసే బాగుచేసుకున్నారు అన్నాడు. అందుకని సెక్యూరిటీవి పడనియ్యాల, కానీ చేతిలో అర్జెంటు పని ఉన్న వారం మాత్రం పాజ్ పెట్టుకొని పని అయినాక మనమే దగ్గరుండి వేసుకోవాల. నాకు ఇది న్యాయంగా అనిపించింది, ఇప్పుడు అట్టనే చేస్తా ఉండా.

ట్రంకు రోడ్డు స్టూడియో అన్న గురించి చెప్పకపోతే పాపం తగులుద్ది. వ్యాపారంలో మాకూ ఆయనకీ పోటీ, ఒకే పెళ్లికి ఇద్దరం రేట్లు చెప్పిన రోజులు ఉన్నాయి. మా సంగతి ఎవరో చెప్తే ఆయనే ఫోన్ చేసి, అమ్మా నీ సిస్టమ్ బాగవుద్దో లేదో, నా సిస్టమ్ రాత్రిపూట ఖాళీనే, ప్రాజెక్ట్ పంపించు ఇక్కడ కూడా ఒక కాపీ రెండర్ పెడతా అన్నాడు. పెట్టాడు కూడా, షాపు షట్టర్ సగం దించుకొని మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని. చివరికి మా దాంట్లోనే వచ్చింది, కానీ ఆయన కాపీ ఉందన్న ధైర్యంతోనే నేను ఆ డ్రైవర్ పీకే సాహసం చేసినా.

శనివారం మధ్యాహ్నం 3 గంటలకి మా ఆయన బండి మీద కలిగిరి పోయి పెన్‌డ్రైవ్ ఇచ్చి, టీవీకి పెట్టి చూపించి వచ్చాడు. అవ్వ మంగళసూత్రం కట్టే దగ్గర మళ్లీ పెట్టు నాయనా, మళ్లీ పెట్టు అని నాలుగు సార్లు వేయించుకుందంట.

తమ్ముడూ, డబ్బులు పంపిస్తామంటే నంబర్ కూడా ఇవ్వలా నువ్వు. మూడు రాత్రులు నీ నిద్ర, నీ ఫోన్ బ్యాలెన్సు, నీ ఓపిక అన్నీ పెట్టావు, ఒక్కసారి కూడా ఇది కూడా తెలీదా అక్కా అనలా. సింగరాయకొండలో ఉండే మీ అమ్మగారికి నా నమస్కారాలు. జిరాక్స్ అక్కా, నీ మానిటర్ తుడిచి తెచ్చి పెట్టినా, కానీ నీ రుణం అట్టనే ఉంది. అన్నా, ఈ సీజన్‌లో మీకు ఒకే రోజు రెండు పెళ్లిళ్లు పడి మిక్సింగ్ అందకపోతే రాత్రయినా సరే నాకు పంపండి, నేను చేసిస్తా.

కావలి, బిట్రగుంట, ఉలవపాడు పక్కల ఎవరికైనా ఇట్టనే అప్‌డేట్ తర్వాత స్క్రీన్ గీతలు వచ్చినా, కార్డు పోయిందని ఎవరైనా చెప్పినా, కొత్తది కొనేముందు సీపీయూ తీసుకొని మధ్యాహ్నం పూట మా ఇంటికి రండి, సేఫ్ మోడ్‌లో పెట్టి చూద్దాం, డీడీయూ నా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. ఆ వర్షన్ నంబర్ కూడా పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే స్కెచ్‌తో రాసి పెట్టుకున్నా. తమ్ముడూ, సంక్రాంతికి నువ్వు ఊరికి వచ్చేటప్పుడు బండి కావలిలో ఆగుద్ది కదా, ముందు రోజే బోగీ నంబర్ మెసేజ్ పెట్టు, నెల్లూరు మలైకాజా డబ్బా పట్టుకొని మేమిద్దరం ప్లాట్‌ఫారమ్ మీద ఉంటాం.