బోర్డు పక్కన ఇంకో మంత్రిని పెట్టండి

సంపాదకుడికి,

సెలవులొస్తే చాలు, మన జిల్లాల్లోని ఫంక్షన్ హాళ్లలో తొమ్మిదేళ్లలోపు పిల్లలకు ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే) చెస్ పోటీలు జోరుగా జరుగుతున్నాయి. గుంటూరు కుర్రాడు హరికృష్ణ 1996లో, గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 1997లో పదేళ్లలోపు ప్రపంచ టైటిళ్లు గెలిచిన గడ్డ మీద ఈ సందడి సంతోషమే. అయితే పిల్లలు ఆట రాక కాదు, నియమం తెలియక ఓడిపోతుంటే చూడలేకపోతున్నాం.

బంటు ఎనిమిదో గడి చేరింది, గడియారంలో ఇరవై సెకన్లున్నాయి. అక్కడ బంటును తీసి వేరే పావు పెట్టుకోవాలి; పాపకు మంత్రి కావాలి. అదేమో ఎదుటి బాబు పిడికిట్లో ఉంది. కంగారులో ఏనుగును తలకిందులుగా నిలబెట్టి ‘మంత్రి’ అంటుంది. ఆర్బిటర్ (ఆట నిర్ణేత) లెక్కలో అది ఏనుగే. 2017లో కెనడా జాతీయ పోటీ టైబ్రేక్‌లో (సమంగా నిలిచినవాళ్ల మధ్య విజేతను తేల్చే ఆటలో) ఒక పెద్ద ఆటగాడికే ఇలా జరిగి టైటిల్ చేజారింది. బంటును అలాగే వదిలి, ఎత్తు ముగిసినట్టు క్లాక్ నొక్కితే అది చెల్లని ఎత్తు. మొదటిసారికి ప్రత్యర్థికి ఒక నిమిషం కలుపుతారు, రెండోసారి చేస్తే సాధారణంగా ఆటే పోతుంది. మంత్రి అందుబాటులో లేనప్పుడు క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను అడగవచ్చని ఎంతమంది పిల్లలకు తెలుసు? ప్రతి బోర్డు దగ్గర తెలుపు, నలుపు అదనపు మంత్రులు ఒక్కోటి ఉంచితే ఈ గొడవే ఉండదు. దానికయ్యే ఖర్చు ఎంట్రీ ఫీజు ముందు ఏపాటిది!

ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎదుటివాడు తన రాజు మీదున్న చెక్ (దాడి) చూసుకోకుండా వేరే ఎత్తు వేసి క్లాక్ నొక్కుతాడు. మనవాడు సంబరంగా రాజునే చంపేస్తాడు. రాజును చంపడమూ చెల్లని ఎత్తే! తన ఎత్తు వేయకముందే క్లాక్ ఆపి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలవాలి. క్యాస్లింగ్‌లోనూ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడంలోనూ) పొరపాట్లే. ముందు రాజును ముట్టాలి, రెండు కదలికలూ ఒకే చేత్తో చేసి, అదే చేత్తో క్లాక్ నొక్కాలి. ఏనుగును ముందు ముట్టినవాడు ఆ ఎత్తులో ఏనుగునే జరపాల్సి వస్తుంది.

ఇవన్నీ మొదటి రౌండ్‌కు ముందు పది నిమిషాల్లో తెలుగులో, బోర్డు మీద చేసి చూపించదగ్గవే. మైకులో ఇంగ్లిష్‌లో గబగబా చదివేస్తే ఏడేళ్ల పిల్లలకు ఏం ఎక్కుతుంది? చిన్నపిల్లల విభాగంలో పది బోర్డులకు ఒక ఆర్బిటర్‌నైనా పెట్టాలని జిల్లా సంఘాలను కోరుతున్నాం. శిక్షకులు కూడా మొదటి నెల నుంచే క్లాక్ పెట్టి ఆడించాలి. క్లాక్ లేకుండా నేర్చుకున్న చేతులే పోటీలో రెండూ ఒకేసారి లేస్తున్నాయి.

— చెస్ శిక్షకులు, హనుమకొండ