పాత స్టేషన్‌ను కూల్చకుండా బాగుచేయలేరా?

సంపాదకులకు,

చిన్న పట్టణాల రైల్వే స్టేషన్లకు కొత్త హంగులు వస్తున్నాయంటూ గత వారం మీరు ప్రచురించిన కథనం చదివాను. దానితో పాటు వేసిన ఊహాచిత్రాల్లో అద్దాల ముఖద్వారం ఉంది, రంగుల దీపాలున్నాయి, పచ్చిక ఉంది. వందేళ్లకు పైగా జనానికి టికెట్లిస్తున్న పాత భవనం మాత్రం ఒక్క చిత్రంలోనూ లేదు. దాన్ని ఏం చేయబోతున్నారో కథనంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. అధికారులు చెప్పలేదా, మీ విలేకరి అడగలేదా?

సికింద్రాబాద్ విషయంలో జరిగింది అందరూ చూశారు. 1874 నుంచి నడుస్తున్న ఆ స్టేషన్‌కు గుర్తుగా నిలిచిన కమానుల ముఖభాగాన్ని 2025లో నేలమట్టం చేశారు. అదే ఏడాది మే 22న స్టేషన్లను ఆధునికీకరించే అమృత్ భారత్ పథకం కింద ప్రధాని ప్రారంభించిన 103 స్టేషన్లలో బేగంపేట ఒకటి. దాన్ని కాకతీయుల వాస్తురీతి స్ఫూర్తితో తీర్చిదిద్దామని ఘనంగా ప్రకటించారు. ఒకే నగరంలో, కొన్ని నెలల తేడాతో జరిగిన పనులివి. కొత్త గోడకు పాత చరిత్ర రూపం తొడగడానికి నిధులున్న శాఖకు, నిజంగా పాతదైన కట్టడాన్ని నిలబెట్టుకునే ఓపిక లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు. సికింద్రాబాద్ గురించి మాట్లాడేవాళ్లు ఉన్నా ఆగలేదు. రోజుకు నాలుగైదు రైళ్లు ఆగే పట్టణం తరఫున మాట్లాడేదెవరు?

పాత భవనాల్లో ఆధునిక సౌకర్యాలు కుదరవన్న వాదన నిలవదు. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. గుమ్మటాలు, మీనార్లతో ఉన్న ఆ భవనంలోకి నేటికీ ప్రయాణికులు వస్తూ పోతూనే ఉన్నారు. దక్షిణాదిలో 1856లో తొలి రైలు బయలుదేరిన చెన్నైలోని రాయపురంలో పాత భవనానికి మరమ్మతులు చేసి నిలుపుకున్నారు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చిన నీలగిరి కొండ రైలు మార్గంలోనూ పాత స్టేషన్ల నుంచే జనం రైలెక్కుతున్నారు. అలాంటి గుర్తింపు లేని ఊరి స్టేషన్ అంత తేలికైపోయిందా? 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వందేళ్లు నిండిన నిర్మాణాలకు రక్షణ కల్పించగలదు. కానీ ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే ఆ రక్షణ దక్కుతుంది. చిన్న స్టేషన్ పేరు ప్రతిపాదించడానికి ఫైలు కదిపే అధికారి ఎక్కడున్నాడు?

ఆ పాత స్టేషన్లను కట్టినవాళ్లకు ఎండ సంగతి తెలుసు. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, పైన గాలి కిటికీలు, ముందు వెడల్పాటి వరండా. కొన్నిచోట్ల పట్టాల నుంచి తీసేసిన ఇనుప కమ్మీలనే ప్లాట్‌ఫాం కప్పుకు స్తంభాలుగా నిలిపారు, అవి ఇప్పటికీ బరువు మోస్తున్నాయి. మే నెల మధ్యాహ్నం ఆ వరండాలో కూర్చున్న ముసలివాళ్లకు ఫ్యాను లేకపోయినా ఊపిరాడుతుంది. దాన్ని తీసేసి అద్దం, రేకు బిగిస్తే లోపల పెనం మీద కూర్చున్నట్టు ఉండదా?

అసలు ప్రయాణికులు అడిగేది ముఖద్వారం కాదు. జనరల్ బోగీలు రైలుకు ఆ చివర, ఈ చివర ఉంటాయి. ప్లాట్‌ఫాం మీద కప్పేమో నడుమ నాలుగు బోగీల మేర ఉంటుంది. తక్కువ టికెట్ కొన్న కూలీలు, పిల్లల తల్లులు వానలో తడుస్తూ, ఎండలో మాడుతూ నిలబడాలి. ఆ కప్పును రెండు వైపులా పొడిగించమని ఎన్నేళ్లుగా అడుగుతున్నా దిక్కులేదు. కుళాయిలో నీళ్లు రావు. వెయిటింగ్ హాలుకు తాళం. రెండో ప్లాట్‌ఫాం చేరాలంటే మోకాళ్ల నొప్పులవాళ్లు పాదచారుల వంతెన మెట్లన్నీ ఎక్కి దిగాలి, లిఫ్టు మాట ఎత్తితే ప్రతిపాదన పంపామంటారు. 2020 మార్చిలో కొవిడ్ పేరుతో వృద్ధుల రాయితీ ఆపేశారు. అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన మహిళలకు 50 శాతం ఉండేది. కొవిడ్ పోయింది, రాయితీ తిరిగి రాలేదు. ఆ డబ్బు మిగుల్చుకున్న శాఖ పాత గోడలు పగలగొట్టడానికి మాత్రం వెనుకాడదు.

స్టేషన్లను బాగుచేయడం నాకూ కావాలి. పాత భవనాన్ని టికెట్ కౌంటరుగా, వెయిటింగ్ హాలుగానే ఉంచి, కావలసిన కొత్త గదులను పక్కన కట్టమంటున్నాను. దాన్ని మ్యూజియం చేసి తాళం వేయడం కూడా వద్దు. టెండర్లు పిలవకముందే ప్లానును తెలుగులో బుకింగ్ కౌంటర్ దగ్గర అతికించాలి. డివిజన్ స్థాయి రైలు వినియోగదారుల సలహా సంఘంలో చర్చకు పెట్టాలి. ఎన్నికలప్పుడు ప్లాట్‌ఫాం మీద దండాలు పెట్టే ఎంపీలు ఆ చర్చకు కూడా రావాలి.

మీ పత్రికకూ ఒక మనవి. కథనంలో పేర్కొన్న ఒక్కో స్టేషన్‌లో పాత భవనాన్ని ఉంచుతారో కూలుస్తారో డివిజనల్ మేనేజర్ కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును స్టేషన్ల వారీగా ప్రచురించండి. జవాబు రాకపోతే ఆ మాటే ప్రచురించండి.

— ఒక రైలు ప్రయాణికుడు