గ్యాస్ వాసన వస్తోందని చెప్పినవారికి రసీదు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2014 జూన్ 27న తెల్లవారుజామున మా మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్‌కు చెందిన పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి మీ పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏటా జూన్ నెలాఖరున పత్రికలు ఆ దుర్ఘటనను ఒకసారి తలుచుకుంటాయి. అప్పుడు మంటల ఫొటో వస్తుంది, నష్టపరిహారం లెక్క వస్తుంది. గొట్టాల మీద కాపురం ఉంటున్న మిగిలిన ఊళ్లు ఆ తర్వాత ఎలా బతుకుతున్నాయో, అలాంటి ఉదయం మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ ఊళ్లవారి చేతిలో ఏముండాలో మాత్రం అంతగా చర్చకు రావడం లేదు. నేను నగరం వాడిని కాను. అదే మండలంలో మరో ఊరిలో కొబ్బరి తోట ఉన్న రైతును. మా తోట అడుగు నుంచి కూడా ఒక గ్యాస్ గొట్టం పోతోంది కాబట్టి, ఈ విషయంలో నన్ను నేను బయటివాడిగా అనుకోలేను.

ఆ రోజు పేలినది తాటిపాక నుంచి విజయవాడ దగ్గర కొండపల్లిలోని విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకుపోయే 18 అంగుళాల గొట్టం. ఉదయం అయిదున్నర దాటిన వేళ, ఊరు అప్పుడప్పుడే నిద్ర లేస్తుండగా, బయటికి వచ్చి పరుచుకున్న గ్యాస్‌కు నిప్పు తగిలింది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించినప్పుడు అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి, ఊళ్లోనూ అలాగే చెప్పుకున్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. తెల్లవారితే పొయ్యి వెలిగించడం మనిషి చేయవలసిన పని. వెలిగించకూడని రోజు అది అని ఆ దుకాణదారుకు ఎవరు చెప్పారు? ఇళ్లలో నిద్రలో ఉన్నవారు, పనికి బయలుదేరినవారు, పాలు పిండడానికి పశువుల పాకకు పోయినవారు ఎవరి పనిలో వారు ఉండగానే మంటల్లో చిక్కుకున్నారు. ఇళ్లు కాలిపోయాయి, పశువులు కట్టుగొయ్యల దగ్గరే చనిపోయాయి, నిలువెత్తు కొబ్బరి చెట్లు మొవ్వుదాకా మాడిపోయాయి. రాష్ట్రం విడిపోయి అప్పటికి నెల రోజులైనా కాలేదు.

కారణం తెలియని ప్రమాదం కాదిది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడం వల్ల అది లోపలి నుంచి తుప్పు పట్టిందని పెట్రోలియం మంత్రిత్వ శాఖ వేసిన విచారణ కమిటీ తేల్చింది. భూమిలోంచి వచ్చే గ్యాస్‌లో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వంటివి కలిసి ఉంటాయి. తేమను తీసివేయకుండా పంపితే ఆ నీరు గొట్టంలో పల్లంగా ఉన్నచోట్ల నిలిచి, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పలచని ఆమ్లంగా మారి, ఉక్కును రోజుకింత చొప్పున తినేస్తుంది. గొట్టం పైన నడిచే మనిషికి అది కనిపించదు. గొట్టంలోకి పరికరం పంపి గోడ మందాన్ని కొలిచే సంస్థకు తెలుస్తుంది, లేదా గ్యాస్ బయటికి వచ్చినప్పుడు ఆ పక్కన నివసించేవారి ముక్కుకు తెలుస్తుంది. నగరం వారు వాసన వస్తోందని తాము ముందే చెప్పామని ప్రమాదం జరిగిన రోజే అన్నారు. ఎవరితో చెప్పారు, ఎప్పుడు చెప్పారు, విన్నవారు ఏం చేశారు అనడానికి ఊరివారి చేతిలో ఒక్క కాగితం కూడా లేకపోవడమే నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్న విషయం. చనిపోయినవారి సంఖ్యను ప్రభుత్వం రాసుకుంది. అంతకుముందు వారు చెప్పిన మాటను ఎవరూ రాసుకోలేదు.

కోనసీమకు ఇది మొదటి భయం కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు, గ్యాస్ తీసే ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి చిమ్మి, 65 రోజులు మండింది. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. మేము రాత్రిపూట అరుగు మీద కూర్చుంటే దీపం లేకుండానే ఒకరి ముఖం ఒకరికి కనిపించేది, ఆ హోరుకు పక్కవారితో గట్టిగా మాట్లాడవలసి వచ్చేది. అయితే ఆ మంట బావి దగ్గర ఉంది, అది ఎక్కడుందో అందరికీ తెలుసు. గొట్టం సంగతి వేరు. అది పెరట్లో ఉంటుంది, బడి దారిలో ఉంటుంది, కాలువ గట్టు కింద ఉంటుంది. నగరం తర్వాత మా ఇళ్లలో వచ్చిన మార్పు చిన్నదే, బయటివారికి కనిపించేది కాదు. తెల్లవారుజామున గ్యాస్ పొయ్యి ముట్టించే ముందు మా ఇంట్లో ఆడవాళ్లు తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, ఒకసారి గట్టిగా గాలి పీల్చి లోపలికి వస్తారు. ఎవరూ నేర్పలేదు. మా కోడలు పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎందుకలా చేస్తారని అడిగింది. ఇప్పుడు తనూ అలాగే చేస్తోంది.

నష్టపరిహారం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మరణించినవారి కుటుంబాలకు గెయిల్ 20 లక్షలు, రాష్ట్ర ప్రభుత్వం 3 లక్షలు, కేంద్రం 2 లక్షలు, మొత్తం 25 లక్షల రూపాయలు ప్రకటించాయి. అది తక్కువా ఎక్కువా అన్న వాదన నాకు లేదు. కాలిన గాయాలతో బతికి బయటపడినవారి సంగతి వేరేగా చూడాలన్నదే నా మనవి. కాలిన చర్మం ముడుచుకుపోతుంది, మోచేయి చాచడానికి రాదు, ఎండలో గంటసేపు నిలబడలేరు. కొబ్బరి దింపు తీసేవారికి, నాట్లు వేసేవారికి ఒళ్లే పెట్టుబడి. ఒకసారి చెక్కు చేతిలో పెట్టడంతో వారి లెక్క పూర్తికాదు. శస్త్రచికిత్సలు, కీళ్ల వ్యాయామాలు, మందులు ఎన్నేళ్లు అవసరమైతే అన్నేళ్లు ప్రమాదానికి బాధ్యత వహించే సంస్థ ఖర్చుతోనే సాగాలి. ఏ ఊరిలో ఇలాంటి ప్రమాదం జరిగినా ఇదే నియమం కావాలి. చెట్ల విషయమూ ఇలాంటిదే. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లు రైతు ఏం తిని బతకాలో పరిహారం లెక్కలో కనిపించాలి.

ఇక మా తోట సంగతి. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతు పేరునే ఉంటుంది, దానిని వాడుకునే హక్కు మాత్రం సంస్థకు పోతుంది. అందుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. గొట్టం పోయే ఆ నేల పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నిండు కొబ్బరి తోట మధ్యలో పాపిట తీసినట్లుండే ఆ ఖాళీలో మేము పశువుల మేత పెంచుకుంటున్నాము. దేశానికి గ్యాస్ కావాలి, గొట్టం ఎక్కడో ఒకచోటి నుంచి పోవాలి, అది మాకు తెలుసు. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఆ పట్టీ దగ్గర పెట్రోలు వంటి వాసన వచ్చింది. హద్దు స్తంభం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. చూస్తామన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, పిల్లలను బంధువుల ఇంటికి పంపేశాము. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కుర్రవాళ్లు మోటారు సైకిల్ మీద వచ్చి, అటూ ఇటూ నడిచి, ఏమీ లేదండీ అని చెప్పి వెళ్లిపోయారు. ఏమీ లేకపోయి ఉండవచ్చు, వారిని నేను అనుమానించడం లేదు. అయితే నేను ఫోన్ చేశాననడానికి గానీ, వారు వచ్చి చూశారనడానికి గానీ, ఏ పరికరంతో చూశారనడానికి గానీ నా దగ్గర ఆధారం లేదు. రేపు ఏదైనా జరిగితే నేను కూడా నగరం వారిలాగే, ముందే చెప్పామండీ అని నోటి మాటగా చెప్పుకోవలసినవాడినే.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. భోపాల్ విషాదం తర్వాత కేంద్రం తెచ్చిన నిబంధనలలో 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలు ఉన్నాయి. గొట్టాల ద్వారా ప్రమాదకర రసాయనాలను పెద్ద మొత్తంలో తరలించడం కూడా వాటి పరిధిలోకి వస్తుంది. ప్రమాదకర పరిశ్రమలున్న ప్రాంతంలో ఒక స్థానిక సంక్షోభ బృందం ఉండాలని, అది నెలకోసారి సమావేశమై ఆ వివరాలను జిల్లా బృందానికి పంపాలని, ఆరు నెలలకోసారి పూర్తి స్థాయి మాక్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందుగా చేసి చూసే అభ్యాసం, జరపాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. అగ్నిమాపక అధికారి, పోలీసు అధికారి, ప్రాథమిక వైద్యాధికారులతో పాటు సర్పంచ్ లేదా గ్రామ పెద్ద, స్థానిక పత్రిక సంపాదకుడు కూడా అందులో సభ్యులు. అంటే మీవంటి వారికి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ముప్ఫై ఏళ్ల కిందటే వేసి ఉంది. ఈ ఉత్తరాన్ని అధికారులకు పంపకుండా మీకు రాయడానికి కారణం అదే. మా ఊరి వీధిలో మాక్ డ్రిల్ ఒక్కటి కూడా నేను చూడలేదు. వాసన వస్తే ఎటువైపు పరుగెత్తాలో, గాలికి ఎదురు వెళ్లాలో పక్కకు తప్పుకోవాలో మా పిల్లలకు చెప్పినవారు లేరు.

కాబట్టి మీ ద్వారా జిల్లా కలెక్టర్‌ను, మా కోనసీమలో గొట్టాలు వేసిన సంస్థలన్నింటినీ అడుగుతున్నది ఇది. గొట్టం పోయే ప్రతి పంచాయతీ కార్యాలయంలో వాసన, లీకు ఫిర్యాదులకు ఒక పుస్తకం పెట్టించండి. ఫిర్యాదు చేసిన మనిషికి తేదీ, సమయం వేసి రసీదు ఇప్పించండి. ఫోన్‌లో చెప్పినా ఆ పుస్తకంలో నమోదు కావాలి. ఎన్ని గంటలలో వచ్చి చూడాలో నిర్ణయించి, చూసినవారు ఏ పరికరంతో ఎంత కొలిచారో అదే పుస్తకంలో రాసి సంతకం చేయాలి. గొట్టం లోపలి తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగిందో, గోడ మందం ఎక్కడెక్కడ తగ్గిందో, ఇప్పుడు పంపుతున్న గ్యాస్‌లోని తేమను తీసివేస్తున్నారో లేదో ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. స్థానిక బృందం ఆ పుస్తకాన్ని నెలనెలా చూడాలి. సంపాదకుడు సభ్యుడిగా ఉన్న బృందం చూసిన పుస్తకం కాబట్టి, జవాబు లేకుండా మిగిలిన ఫిర్యాదులను మీ జిల్లా పేజీలో అచ్చు వేయాలని కూడా కోరుతున్నాను.

మా పంచాయతీలో ఆ పుస్తకం పెట్టిన రోజున, కొన్నేళ్ల కిందటి నా ఫిర్యాదును ఆలస్యంగానైనా మొదటి పేజీలో నమోదు చేయించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
మామిడికుదురు మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా