బటన్ రాట్చెట్ల అమ్మకం ఎందుకు ఆపేశామంటే

మా దగ్గర ఎప్పట్నుంచో కొంటున్నవాళ్లకు నేరుగా చెప్పాల్సిన విషయం ఇది. అర అంగుళం, 3/8 అంగుళం బటన్ రాట్చెట్ల అమ్మకం ప్రస్తుతానికి ఆపేశాం. రాట్చెట్ అంటే బోల్టు తలకు తొడిగే గిన్నెలాంటి సాకెట్‌ను పట్టుకుని తిప్పే పానా, బటన్ నొక్కితే ఆ సాకెట్ ఊడి రావాలి. ఈమధ్య వచ్చిన సరుకులో కొన్నింటికి బటన్ ఎంత నొక్కినా సాకెట్ ఊడి రావడం లేదు. మరికొన్నింటికి బటన్ ముట్టుకోకుండానే జారి పడిపోతోంది. చూడ్డానికి ఇవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ మూలం మాత్రం లోపలి పిన్ను మెత్తగా ఉండటమే.

మామూలు రాట్చెట్‌లో స్క్వేర్ (సాకెట్ తొడిగే నలుచదరపు మొన) పక్కనున్న చిన్న బాల్ వెనక స్ప్రింగ్ ఒక్కటే ఉంటుంది. గట్టిగా లాగితే సాకెట్ వచ్చేస్తుంది. బటన్ రాట్చెట్ అలా కాదు. స్క్వేర్ మధ్యలో నిలువునా రంధ్రం ఉంటుంది, అందులో ఒక పిన్ను ముందుకీ వెనక్కీ జరుగుతుంది. బటన్ నొక్కనప్పుడు పిన్ను లావు భాగం బాల్ వెనక అడ్డంగా నిలబడి దాన్ని లోపలికి పోనివ్వదు. నొక్కితే పిన్ను మీది గాడి బాల్‌కు ఎదురుగా వస్తుంది, బాల్ అందులోకి దిగుతుంది, సాకెట్ వదులుతుంది. అంటే సాకెట్‌ను లాగే బలమంతా బాల్ మీదుగా పిన్నులో చుక్కంత చోట పడుతుందన్నమాట. బాల్ బేరింగ్ ఉక్కు, చాలా గట్టిది. పిన్ను మెత్తనిదైతే బాల్ దాంట్లో గుంట చేసుకుని కూర్చుంటుంది. గుంట అంచు దాటలేక పిన్ను ఇరుక్కుంటే బటన్ దిగదు. గుంట ఇంకాస్త లోతైతే బాల్ వెనక్కి తగ్గిపోయి సాకెట్‌ను పట్టుకోదు.

డ్రాయింగ్‌లో పిన్నుకు హార్డెనింగ్ (కొలిమిలో వేడి చేసి గట్టిపరచడం) చేయాలని స్పష్టంగా ఉంది. సరఫరాదారు ఆ పని మానేసి, మెత్తటి ఉక్కుకు జింకు పూత వేసి పంపాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు. కొలతలన్నీ సరిపోయాయి, మైక్రోమీటర్‌కు ఈ తేడా దొరకదు. ఆకురాయికి దొరుకుతుంది. హార్డెన్ చేసిన పిన్ను మీద ఆకురాయి జారిపోతుంది, వీటి మీద పట్టుకుని పొడి రాలుస్తోంది. ఇదంతా ఎదురుగా పెట్టి అడిగితే, “వాడేవాళ్లు అంత లోతుగా చూస్తారా?” అన్నాడు. ఆ మాట మాకింకా మింగుడు పడలేదు. మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది పొద్దస్తమానం చేతిలో పానా ఉండేవాళ్లు. వాళ్లు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

అవే పిన్నులు వెనక్కి పంపితే హార్డెనింగ్ చేసి ఇస్తానన్నాడు. వద్దన్నాం. జింకు పూత ఉన్న ముక్కను కొలిమిలో పెడితే పూత కాలి పొగవుతుంది, ఆ పొగ పీల్చేవాళ్లకు జ్వరం తెప్పిస్తుంది. పైగా అంత సన్నటి పిన్ను వేడికి వంగుతుంది.

మాకు నిద్ర పట్టనివ్వని నిర్ణయం ఇంకొకటి. వేరే తయారీదారు దగ్గర గట్టి పిన్ను దొరికింది. ఆకురాయి జారిపోయింది, బాల్ మచ్చ కూడా పెట్టలేదు. అది పెట్టేస్తే అమ్మకం ఆగేది కాదు. కానీ దాని గాడి మా దానికన్నా కాస్త పొడవు. బటన్‌ను పూర్తిగా నొక్కక్కర్లేదు, కొంచెం ఆనితే చాలు, బాల్ వదిలేస్తోంది. బెంచ్ మీద అది హాయిగానే ఉంటుంది. ఇంజన్ సందులో రాట్చెట్ తల వెనక ఏ పైపో, బ్రాకెటో తగిలితే మాత్రం బటన్ దానంతటదే నొక్కుకుంటుంది, సాకెట్ చెయ్యి దూరని చోట పడుతుంది. అది వెతకడానికి ఎంతసేపు పడుతుందో మీకు చెప్పాలా? మా రాట్చెట్‌లో బటన్‌ను తల మట్టానికి కాస్త లోపలికి ఉంచిందే ఇలా జరగకూడదని. చాలా తర్జనభర్జన పడి ఆ పిన్ను వద్దనుకున్నాం. అమ్మకం ఆగితే ఆగనీ.

మీ దగ్గరున్నది ఇలా చూసుకోండి. సాకెట్ తీసేసి, స్క్వేర్ తుడిచి, బటన్ పూర్తిగా నొక్కండి. బాల్‌ను వేలితో తోస్తే స్క్వేర్ ముఖంతో సమంగా లోపలికి పోవాలి. వదిలితే బటన్ దానంతటదే పూర్తిగా పైకి రావాలి, అప్పుడు బాల్‌ను ఎంత తోసినా కదలకూడదు. తర్వాత సాకెట్ పెట్టి, బటన్ ముట్టుకోకుండా చేత్తో లాగండి. వస్తే పిన్ను పోయినట్టే. ఒక్క మినహాయింపు: కొన్ని సాకెట్లలో బాల్ కూర్చునే లోపలి గుంట మరీ తక్కువ లోతు ఉంటుంది, కాబట్టి రెండు మూడు సాకెట్లతో చూశాకే అనుమానపడండి.

ఇరుక్కుపోతే సుత్తి, ప్లయర్ల జోలికి వెళ్లొద్దు. బాల్ రంధ్రం అంచు చిరిగితే ఇక బాగు చేయలేం. బటన్ చుట్టూ, సాకెట్ సందులో తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగండి. సాకెట్‌ను చెక్కల మధ్య పెట్టి వైస్‌లో మెల్లగా బిగించి, బటన్ నొక్కిపట్టి, అటూ ఇటూ కదుపుతూ తిన్నగా లాగండి. గ్రీజు మాత్రం బటన్ దగ్గర పెట్టొద్దు, బ్రేకు దుమ్ముతో కలిసి అది ముద్దవుతుంది. పల్చటి మెషిన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు.

పిన్ను ఒక్కటే పంపలేం. బాల్ బయటికి రాకుండా రంధ్రం అంచును నొక్కేసి ఉంటుంది, పిన్ను తీయాలంటే దాన్ని పాడుచేయాల్సిందే. స్క్వేర్, పళ్ల చక్రం, పిన్ను, బాల్ కలిసిన పూర్తి ముక్క పంపుతాం. డబ్బు అక్కర్లేదు, బిల్లు అడగం. పాత గట్టి పిన్నులతో మిగిలిన ముక్కలన్నీ ఇందుకే పక్కన పెట్టాం, కొత్త రాట్చెట్లకు వాడం. అవి అయిపోతే రెండు దారులు: కొత్త సరుకు వచ్చేదాకా ఆగడం, లేదా బటన్ లేని స్ప్రింగ్ బాల్ ముక్క తీసుకోవడం. పళ్లు అవే 72, ఒక్కో పన్నుకు కదలిక అదే 5 డిగ్రీలు. మార్చేటప్పుడు తల మూతను పాలిథిన్ సంచిలో పెట్టి తెరవండి, దిశ మార్చే లివర్ కింది బుల్లి స్ప్రింగ్ ఎగిరిపోతుంది.

పావు అంగుళంలో బటన్ ఎందుకు పెట్టరని అడిగేవాళ్లకు మా జవాబు మారలేదు. ఆ స్క్వేర్ 6.35 మిల్లీమీటర్లే. మెలితిప్పే బలం ఎక్కువగా పడేది ప్రతి ముఖం మధ్యలో, బాల్ రంధ్రం ఉండేదీ అక్కడే. దాన్ని మధ్య రంధ్రంతో కలిపితే మిగిలే గోడ మాకు చాలదు. పావు అంగుళంలో బటన్ పెట్టం.

కొత్త పిన్నులు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా ప్రతి లాట్‌లో కొన్నింటిని ఆకురాయితో గీసి చూశాకే బిగిస్తాం. ముక్క కావాలంటే రాట్చెట్ సైజు, బటన్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ బాల్ ఎలా ఉందో చూపే రెండు ఫొటోలు పంపండి.