గెటీస్‌బర్గ్ కంటే ముందు యాంటీటమ్ ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ, లింకన్ అధ్యక్షుడిగా ఉన్న ఉత్తరాదికీ మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 1863 జులైలో జరిగిన గెటీస్‌బర్గ్ పోరాటమే ఆ యుద్ధాన్ని మలుపు తిప్పిందని వ్యాసకర్త తేల్చేశారు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ తరచూ ఇదే మాట. గెటీస్‌బర్గ్ గొప్పతనాన్ని కాదనను. అది ముగిసిన మర్నాడే, జులై 4న, దక్షిణాది చేతిలోని విక్స్‌బర్గ్ నగరం లొంగిపోయి మిసిసిపీ నది మీద ఉత్తరాదికి పట్టు చిక్కిన మాటా నిజమే. కానీ అసలు మలుపు అంతకు పది నెలల ముందే, మేరీలాండ్‌లోని షార్ప్స్‌బర్గ్ అనే చిన్న ఊరి పక్కన, యాంటీటమ్ వాగు దగ్గర వచ్చింది. అంత పెద్ద వ్యాసంలో దాని ఊసే లేకపోవడం బాధ కలిగించింది.

1862 సెప్టెంబరు 17న అక్కడ రెండు పక్షాల్లోనూ కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు సుమారు 23,000 మంది. అమెరికా సైనిక చరిత్రలో ఒకే రోజున అంత రక్తపాతం ఇంకెప్పుడూ జరగలేదు. తెల్లవారుతూనే ఒక మొక్కజొన్న చేలో మొదలైంది పోరు. చేలో చాలా భాగం కత్తితో కోసినట్టు మొదలంటా తెగిపోయిందనీ, చనిపోయిన సైనికులు కాసేపటి క్రితం ఏ వరసల్లో నిలబడ్డారో అవే వరసల్లో పడి ఉన్నారనీ ఉత్తరాది జనరల్ హుకర్ తన నివేదికలో రాశాడు. తర్వాత బళ్లు తిరిగి తిరిగి గోతిలా కుంగిపోయిన ఒక పొలం బాట శవాలతో నిండింది. దాన్ని ఇప్పటికీ నెత్తుటి బాట అనే పిలుస్తారు. సాయంత్రం దక్షిణాది సేన ఇక నిలవదనుకునే వేళకి హార్పర్స్ ఫెర్రీ అనే ఊరి నుంచి దక్షిణాది జనరల్ ఏ.పి. హిల్ దళం వచ్చి దాన్ని కాపాడింది.

సైనికంగా చూస్తే అది తేలని పోరే. దక్షిణాది సేనాని లీ తన సేనతో మర్నాడంతా అక్కడే ఉండి, రాత్రికి పోటోమాక్ నది దాటి వెనక్కి వెళ్లాడు. పోరాటానికి నాలుగు రోజుల ముందే లీ ఆదేశాల ప్రతి ఒకటి, మూడు పొగాకు చుట్టలకు చుట్టిన కాగితంగా, ఉత్తరాది సైనికులకు దొరికింది. శత్రువు ఎత్తుగడ చేతిలో ఉండి కూడా ఉత్తరాది సేనాని జనరల్ మెక్లెల్లన్ తన రిజర్వు దళాల్ని పూర్తిగా దించలేదు, లీని తరమనూ లేదు. నవంబరులో లింకన్ అతణ్ణి తప్పించాడు.

మరి మలుపు ఎక్కడ? ఆ ఏడాది జులై 22నే లింకన్ బానిస విమోచన ప్రకటన ముసాయిదాను తన మంత్రివర్గం ముందు పెట్టాడు. విదేశాంగ మంత్రి సీవార్డ్ ఆగమన్నాడు. వరస ఓటముల మధ్య ప్రకటిస్తే దిక్కుతోచక చేసిన పనిలా కనిపిస్తుంది, ఒక విజయం వచ్చాక ప్రకటిద్దాం అన్నాడు. లింకన్ ఆ కాగితం పక్కన పెట్టి ఎదురుచూశాడు. లీ వెనుదిరిగాడు. ఆ అరకొర గెలుపే చాలనుకుని, పోరాటం జరిగిన అయిదో రోజున, సెప్టెంబరు 22న, లింకన్ తొలి ప్రకటన విడుదల చేశాడు. 1863 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. అంతవరకూ దేశం విడిపోకుండా చూడడానికి సాగిన యుద్ధం, ఆ రోజు నుంచి మనుషుల్ని అమ్మి కొనే వ్యవస్థ మీద యుద్ధం కూడా అయింది.

ఆ ప్రకటనలోని లోటును దాచాలని నేననను. తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే అది వర్తించింది. యాంటీటమ్ పోరు జరిగిన మేరీలాండ్‌లోనే బానిసలకు దానివల్ల విముక్తి రాలేదు. ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకునే దాకా, అంటే 1864 నవంబరు దాకా, వాళ్లు ఆగాల్సి వచ్చింది. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, అమెరికా రాజ్యాంగానికి చేసిన పదమూడో సవరణతో.

అయినా దాని ఫలితం చిన్నది కాదు. దక్షిణాది పత్తి కోసం ఎదురుచూస్తున్న బ్రిటన్‌లో ప్రధాని పామర్‌స్టన్, విదేశాంగ మంత్రి రస్సెల్ ఆ సెప్టెంబరులోనే రెండు పక్షాల మధ్య మధ్యవర్తిత్వం గురించి ఆలోచిస్తున్నారు. యాంటీటమ్ కబురు అందాక పామర్‌స్టన్ వెనకాడాడు. బానిసత్వాన్ని తన సామ్రాజ్యంలో ఎప్పుడో రద్దు చేసిన దేశం, దాన్ని నిలబెట్టడానికి పోరాడేవాళ్ల పక్షాన చేరడం ఆ తర్వాత మరీ కష్టమైంది. ఇక ఆ ప్రకటన నల్లజాతివాళ్లు సైన్యంలో చేరడానికి దారి తెరిచింది; యుద్ధం ముగిసేలోపు సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో చేరారు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులు ఇద్దరు నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ రెజిమెంటులో చేరారు. గెటీస్‌బర్గ్ అయిన రెండు వారాలకు దక్షిణాది చేతిలోని వాగ్నర్ కోట మీదికి ముందు వరసలో ఎక్కింది ఆ రెజిమెంటే. యాంటీటమ్‌ను వదిలేస్తే వీళ్లు ఆ యుద్ధంలోకి ఎలా వచ్చారో పాఠకుడికి అర్థం కాదు. విముక్తి లింకన్ దయగా మిగిలిపోతుంది, దానికోసం పోరాడినవాళ్లు కనబడకుండా పోతారు.

దయచేసి ఆ వ్యాసానికి కొనసాగింపుగా యాంటీటమ్ మీద, విమోచన ప్రకటన మీద, నల్లజాతి రెజిమెంట్ల మీద ఒక వ్యాసం వేయించండి. జనరల్ల ఫొటోలతో పాటు ఆ సైనికుల ఫొటోలూ అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు