పెళ్ళికాని బూజు

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టుకోకు, పుట్టకొక్కులతో కుస్తీ పడుతున్నాను.

పెరట్లో వరిగడ్డి సంచుల్లో ఆయిస్టర్ రకం వేశానని చెప్పాను కదా. మొదటి పంట బాగానే దిగింది. ఆ ఊపులో స్పాన్, అంటే పుట్టకొక్కుల విత్తనం కూడా నేనే చేసుకుందామనుకున్నాను. ఒక గొడుగు కోసి, కింది రేకులు నల్ల కాగితానికి ఆనించి, గిన్నె బోర్లించి పడుకున్నా. పొద్దున్నే గిన్నె ఎత్తితే కాగితం మీద సన్నటి తెల్ల చారలు, పిండితో ముగ్గేసినట్టు! అన్నీ సిద్ధబీజాలే. మా పాత బోటనీ మాస్టారు వాటిని నీళ్ళలో పలచన చేసి, అగర్ ప్లేటు (బూజు పెంచే జెల్లీ పళ్ళెం) మీద విడిగా మొలిచిన ఒక్కదాన్ని తీసిచ్చారు. దాన్ని జొన్నల్లో పెంచి సంచికి ఎక్కించాను. సంచి నిండా తెల్లగా అల్లుకుంది. అంతే! నెల దాటినా ఒక్క మొగ్గ లేదు. "ఆ గడ్డేదో ఆవుకి వేసుంటే పాలైనా ఇచ్చేది" అని అమ్మ సణుగుడు.

ఆ బూజు కాస్త పట్టుకెళ్తే మాస్టారు మైక్రోస్కోపులో చూసి నవ్వారు. "నీది ఇంకా పెళ్ళికానిదిరా!" పంట వచ్చిన బూజు దారాల్లో, కణానికీ కణానికీ మధ్య ప్రతి అడ్డగోడ దగ్గరా చెంబు చెవిలా చిన్న మెలిక కనిపించింది. క్లాంప్ అంటారట. నా దాంట్లో ఒక్కటీ లేదు.

సంగతేంటంటే, ఒక్క బీజం నుంచి మొలిచిన దారంలో కణానికి ఒక్కటే కేంద్రకం. పెరగడం పెరుగుతుంది కానీ, మామూలుగా గొడుగు కట్టదు. సరిపడే ఇంకో దారం తగిలి కలిస్తే కణానికి రెండు కేంద్రకాలవుతాయి. విచిత్రమేమిటంటే, అవి వెంటనే కలిసిపోవు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు! గొడుగు విప్పారాక, రేకుల పైపొరలో ఉండే కణాల్లో మాత్రమే ఒకటవుతాయి. ఆ వెంటనే విడిపోయి నాలుగు బీజాలు. మళ్ళీ ఒంటరి బతుకే.

సరిపడటమూ అంత తేలిక కాదు. ఒకే గొడుగు బీజాల్లో ఏ రెండు తీసినా కుదిరేది నాలుగింట ఒక వంతే. ఎండిన మామిడి దుంగల మీద బుల్లి విసనకర్రల్లా పూస్తుందే, స్కైజోఫిల్లం కమ్యూన్, దాంట్లో జత రకాలే 20,000కు పైగా ఉన్నాయట. ఆడా మగా రెండింటితోనే మనకిన్ని తగువులు! బటన్ పుట్టగొడుగుకి ఈ బాధ తక్కువ, దాని బీజాల్లో చాలావాటికి పుట్టుకతోనే రెండు కేంద్రకాలు.

ఇవాళ వేర్వేరు బీజాల బూజుల్ని ప్లేటుకి రెండేసి ఎదురెదురుగా పెట్టాను, మొత్తం ఎనిమిది ప్లేట్లు. శనివారం మెలికల కోసం వెతకాలి. నువ్వు శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు మీ కళ్ళంలోంచి ఎండుగడ్డి ఒక మోపు తెచ్చిపెట్టు. అమ్మ ఇంక పరక కూడా ఇవ్వనంటోంది.

నీ బావ